రైలు ఆగాలి, బియ్యం ఆగకూడదు

మా నాన్న స్టేషన్ మాస్టరు. 1980ల తొలి సంవత్సరాల్లో విజయనగరం–పార్వతీపురం లైనులో ఓ చిన్న స్టేషన్‌లో పనిచేసేవారు. నాకు ఊహ తెలిసేసరికి మా క్వార్టరు ముందు ఉన్నది ఒకటే లైను. రాయగడ వైపు పోయే బండి, విజయనగరం వైపు వచ్చే బండి అదే పట్టాల మీద నడవాలి. ఆ రెండూ ఎదురుపడకుండా చూడడమే నాన్న ఉద్యోగమని అమ్మ చెప్పేది.

స్టేషన్ గదిలో బరువైన ఇనప యంత్రం ఒకటుండేది. నీల్స్ టోకెన్ యంత్రం అనేవారు. దాని కడుపునిండా గుప్పెట్లో పట్టే ఉక్కు గోళాలు. పక్క స్టేషన్‌లో అలాంటిదే ఇంకొకటి. రెండింటినీ ఒక తీగ కలిపేది. బండి పంపాలంటే నాన్న ముందు గంట కొట్టేవారు. అది అవతలి స్టేషన్‌లో మోగేది. అవతలి మాస్టరు ఒప్పుకుని లైన్ క్లియర్ ఇస్తేనే ఇక్కడ గోళం బయటికి వచ్చేది. ఒక గోళం బయటికొచ్చాక, అది తిరిగి ఏదో ఒక యంత్రంలోకి చేరేదాకా రెండు స్టేషన్లలో ఎక్కడా రెండో గోళం రాదు. దాన్ని తోలుసంచిలో వేసి, బెత్తపు చట్రానికి తగిలించి, ప్లాట్‌ఫాం చివర పోర్టరు చెయ్యెత్తి పట్టుకుంటే, కదిలే ఇంజనులోంచి చెయ్యి చాచి అందుకునేవారు. గోళం ఎవరి చేతిలో ఉంటే లైను వారిదే. మిగతావాళ్లు ఆగాలి.

ఓ తుఫాను రాత్రి ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంది. చెట్టు పడి తీగ తెగింది. యంత్రం మూగబోయింది, ఫోనూ పోయింది. గూడ్సు బండి ఒకటి వచ్చి ఆగింది. వానలో తడిసి వచ్చిన డ్రైవరు గొంతెత్తి అరుస్తున్నాడు. అవతల ఏ బండీ లేదని తనకు తెలుసని, పంపేయమని. నాన్న హరికేన్ లాంతరు ముందు కూర్చుని, పుస్తకం తెరిచి, పంపనని రాసి సంతకం పెట్టారు. అలాంటప్పుడు ముందు ఒట్టి ఇంజనునో, ట్రాలీనో మెల్లగా పంపి అవతలి స్టేషన్‌తో మాట కలుపుకోవాలన్నది రూలు. అది జరిగేసరికి తెల్లారింది. పొద్దున్న ఆయనకు టీ తీసుకెళ్లాను.

"నాన్నా, నిజంగానే అవతల బండి లేదు కదా?" అని అడిగాను.

"లేదురా. కానీ రాత్రి ఆ సంగతి నాకు తెలీదు. అవతలివాడు ఏమంటున్నాడో తెలీకుండా బండి పంపితే అది ధైర్యం కాదు, పాపం."

నేను జీవితమంతా చేసిన పరిశోధనకు మొదటి పాఠం అదే. అప్పటికి నాకు కంప్యూటరు అనే మాట కూడా తెలీదు.

ఇంకొకటి కూడా ఆ గదిలోనే చూశాను. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు కంట్రోలు నుంచి టైము సిగ్నల్ వచ్చేది. నాన్న గోడ గడియారాన్ని దానితో సరిచూసి, ఎన్ని సెకన్లు తేడా ఉందో రాసేవారు. ఎంత సరిచేసినా మర్నాటికి మళ్లీ కాస్త తేడా. ఏ రెండు స్టేషన్ల గడియారాలూ అచ్చంగా ఒక్కటి కావు. అయినా బండ్లు క్షేమంగా నడిచేవి. ఎందుకంటే బండి భద్రత గడియారం మీద ఆధారపడలేదు, కబురు మీద ఆధారపడింది. ఇక్కడ "బయలుదేరింది" అన్న కబురు వెళ్లాకే అక్కడ "చేరింది" అన్నది పుడుతుంది. ఏది ముందో ఏది వెనకో చెప్పడానికి ఆ వరస చాలు.

1993లో విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం లైబ్రరీలో కూర్చుని లెస్లీ లాంపోర్ట్ రాసిన వ్యాసం చదివాను. 1978లో అచ్చయింది. కాలం గురించి, గడియారాల గురించి, ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లలో జరిగే సంగతుల వరస గురించి. ఆయన చెప్పిన ఉపాయం చాలా సులువు. ప్రతి కంప్యూటరూ గడియారం బదులు ఒక లెక్క పెట్టుకోవాలి. ఏ పని జరిగినా ఆ లెక్కకు ఒకటి కలపాలి. కబురు పంపేటప్పుడు తన లెక్కను కూడా పంపాలి. కబురు అందుకున్నవాడు తన లెక్కనూ, వచ్చిన లెక్కనూ పోల్చి, పెద్దదానికి ఒకటి కలుపుకోవాలి. అంతే. అందుకున్న కబురు, పంపిన కబురుకన్నా ముందు జరిగినట్టు ఎన్నటికీ లెక్క తేలదు. ఆ పేజీల మీద నాకు నాన్న రిజిస్టరు కనిపించింది. కళ్లు చెమర్చాయి.

ఆ తరవాత చదివిన ప్రతిదాంట్లో రైలు వాసన తగిలింది. రెండు ప్రోగ్రాములు ఒకే వనరు కోసం గుద్దుకోకుండా ఎడ్జర్ డైక్‌స్ట్రా 1960లలో తెచ్చిన సాధనానికి పేరు సెమఫోర్. అది రైల్వే సిగ్నల్ పేరే. ఒక గుర్తు ఎవరి దగ్గరుంటే వారికే అనుమతి అనే పద్ధతిని 1985లో సుజుకి, కాసామి అనే ఇద్దరు జపాన్ శాస్త్రవేత్తలు కంప్యూటర్ల నెట్‌వర్కుకు తగినట్టు రాశారు. ఆ గుర్తును కంప్యూటర్ల శాస్త్రంలో కూడా టోకెన్ అనే పిలుస్తారు. మా స్టేషన్ పోర్టరు చేత్తో పట్టుకుని నిలబడ్డది అదే.

చదువు పూర్తయ్యాక కొన్నేళ్లు హైదరాబాద్‌లో పరిశోధన చేసి, విజయనగరం వచ్చి ఓ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. అప్పటికి నా రంగం చాలా వేగంగా మారుతోంది. 2000లో ఎరిక్ బ్రూవర్ ఒక మాట ముందుపెట్టాడు. 2002లో సేత్ గిల్బర్ట్, నాన్సీ లించ్ దాన్ని రుజువు చేశారు. సారాంశం ఇది: ఒకే సమాచారాన్ని అనేక కంప్యూటర్లలో దాచినప్పుడు, వాటి మధ్య తీగ తెగితే, రెండిట్లో ఒకటే దక్కుతుంది. అందరూ ఒకే మాట చెప్పడం కావాలంటే కొందరు జవాబివ్వకుండా ఆగాలి. అందరూ జవాబివ్వడం కావాలంటే కొందరి మాట పాతదో, తేడాదో కావచ్చు. నాన్న మొదటిది ఎంచుకున్నారు. ఆగారు. నేను కూడా పదేళ్లకు పైగా ఆ పక్షానే ఉన్నాను. నా వ్యాసాలన్నీ తప్పు జవాబు రాకుండా ఎలా ఆపాలన్న దాని గురించే.

2006లో అమెజాన్ తన నిల్వ స్థలాన్నీ, గంటల లెక్కన కంప్యూటర్లనీ అద్దెకివ్వడం మొదలుపెట్టింది. క్లౌడ్ అన్న మాట మా తరగతి గదికీ వచ్చింది. మరుసటి ఏడు ఆ కంపెనీ ఇంజనీర్లే డైనమో అనే వ్యవస్థ గురించి వ్యాసం రాశారు. తీగ తెగినా కొనేవాడి బుట్టలోకి వస్తువు పడుతూనే ఉండాలి, తేడాలుంటే తరవాత కలుపుకుందాం అన్నది దాని పద్ధతి. నాకది నచ్చలేదు. లెక్క తేలకుండా ముందుకు పోవడం నాన్న పెంపకానికి విరుద్ధమనిపించింది. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కూడా ఆ భాగం తొందరగా దాటేసేవాణ్ని.

నా మనసు మార్చింది తిత్లీ తుఫాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డప్పుడు నేను విజయనగరంలోనే ఉన్నాను. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అయినా పట్నం కదా, ఎవరో ఒకరు వచ్చి చెప్పేవారు. 2018 అక్టోబర్ 11 వేరు. తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి, ఆగి ఆగి 165 దాకా. మా అమ్మ పుట్టిల్లు మందస దగ్గర ఉద్దానం పల్లె. మేనమామ, అత్త అక్కడే ఉంటారు. ముందురాత్రి మావ ఫోన్ చేసి "గాలి మొదలైనాది బాబూ" అన్నాడు. తెల్లారాక ఎన్నిసార్లు చేసినా మోగలేదు.

రెండో రోజు ఓ స్నేహితుడి కారులో బయలుదేరాను. బియ్యం, కొవ్వొత్తులు, బిస్కట్లు, మంచినీళ్లు వేసుకున్నాం. నరసన్నపేట దాటాక నా ఫోనులో సిగ్నల్ పోయింది. టెక్కలి, పలాస, ఆపైన రోడ్డు పొడుగునా విద్యుత్ స్తంభాలు నేలకొరిగి ఉన్నాయి. ఉద్దానంలోకి అడుగుపెట్టాక నోట మాట రాలేదు. చిన్నప్పుడు ఎండ నేల మీద పడని ఊళ్లవి. కొబ్బరి చెట్లు కొన్ని నడిమికి విరిగాయి, కొన్ని వేళ్లతో లేచి పడుకున్నాయి. జీడితోటలు ఎవరో పట్టుకుని మెలితిప్పినట్టున్నాయి. ఊరికీ ఊరికీ మధ్య ఆకాశం కనిపిస్తోంది. అంతటి ఆకాశం అక్కడ నేనెప్పుడూ చూడలేదు.

మావ వాకిట్లో పడిపోయిన చెట్టు మొదలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఎలాగొచ్చినావు బాబూ? దారి ఉన్నాదేటి?"

"వచ్చాను మావా. అందరూ బాగున్నారా?"

"మనుసులం ఉన్నాం. సెట్లే పోనాయి. తాత పెట్టిన సెట్లు, నాను తిన్నాను. నాను పెట్టినవి నా మనవలు తింతారనుకున్నాను."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుందని ఆయనకు నేను చెప్పాలా?

సాయంత్రానికి నేను పట్నం నుంచి వచ్చానని, మళ్లీ వెళ్తానని ఊరంతా తెలిసింది. ఒక్కొక్కరే వచ్చారు. ఉద్దానంలో ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు బయట పనిచేస్తుంటారు. హైదరాబాద్‌లో ఒకరు, చెన్నైలో ఒకరు, గల్ఫ్‌లో ఒకరు. వాళ్లందరూ టీవీల్లో ఈ నేలను చూస్తున్నారు, ఇంటికి ఫోన్ చేస్తే మోగడం లేదు. టవరు ఊరి చివర నిలబడే ఉంది. పని మాత్రం చెయ్యదు. ఓ ముసలమ్మ మడతపెట్టిన కాగితం నా చేతిలో పెట్టింది. అందులో కొడుకు నంబరు.

"మా వోడికి ఒక్క మాట సెప్పు నాయనా. ఇంటి మీద రేకులెగిరిపోనాయి గానీ మీ యమ్మ బాగున్నాదని సెప్పు. రావద్దని సెప్పు. దార్లు బాగోలేవు."

నా నోటుపుస్తకంలో ఆ రాత్రి 43 నంబర్లు రాసుకున్నాను. ఎదురుగా ఒక్కో మాట. అన్నీ దాదాపు ఒకటే మాట: మేం ఉన్నాం.

మర్నాడు వెనక్కి వచ్చి, నరసన్నపేట దగ్గర సిగ్నల్ అందగానే కారు పక్కకు ఆపించి, వరసగా ఫోన్లు చేశాను. "మీ ఊరి నుంచి వస్తున్నాను" అనగానే అవతల నిశ్శబ్దం. ఆ తరవాత ఏడుపు. చెన్నైలో పనిచేసే ముసలమ్మ కొడుకు అక్కడ లేడు. ముందురోజే రైలెక్కాడు, ఇచ్ఛాపురం వైపు దారి లేక మధ్యలో ఎక్కడో ఆగి ఉన్నాడు. "రావద్దు" అన్న మాట అతను బయలుదేరిపోయిన తరవాతే చేరింది. ఒక నంబరులో అంకె తగ్గింది, ఆ కబురు అందనే లేదు. కొందరికి నాకన్నా ముందే ఎవరో బైకు మీద వెళ్లినవాళ్లు చెప్పారు. నా ఫోను వాళ్లకు రెండోసారి విన్నట్టు. దానివల్ల ఏ నష్టమూ లేదు. మంచి మాట రెండుసార్లు వింటే ఎవరూ బాధపడరు. వాళ్లిచ్చిన జవాబులు పుస్తకంలో రాసుకుని మూడో రోజు మళ్లీ ఊరికి వెళ్లాను.

ఆ రెండో ప్రయాణంలో కారులో కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది, నెట్‌వర్కు అయిపోయింది నేనేనని. కబురు దాచుకోవడం, మోసుకుపోవడం, దారి దొరికినప్పుడు అందించడం. దీని మీద 2003లో కెవిన్ ఫాల్ రాసిన వ్యాసం చదివాను. ఎప్పుడూ తెగుతూ ఉండే దారులకు ఎలాంటి నెట్‌వర్కు కావాలన్నది అందులో విషయం. మా పక్కనే ఒడిశాలోనూ, కర్ణాటకలోనూ డాక్‌నెట్ అని ఒక ప్రయోగం జరిగింది. పల్లె బస్సు మీద పరికరం పెట్టి, ఊళ్లో ఆగినప్పుడల్లా అక్కడి ఈమెయిళ్లు ఎక్కించుకుని, పట్నంలో దింపేవారు. అప్పుడది నాకు పేదవాళ్ల కోసం చేసిన తాత్కాలిక ఏర్పాటులా అనిపించింది. ఆ రోజు చేతిలో 42 జవాబులతో పోతుంటే, అసలు నెట్‌వర్కు అంటే ఇదేననిపించింది.

నా మనసును పూర్తిగా తిప్పేసింది రేషన్ షాపు ముందు చూసిన సంగతి. బియ్యం ఇవ్వాలంటే వేలిముద్ర మిషను పనిచెయ్యాలి. మిషనుకు నెట్ కావాలి. ఊళ్లో నెట్ లేదు. మిషను చేసిన పని సరిగ్గా నా వ్యాసాల్లో నేను చెప్పిన పనే. అవతల ఏముందో తెలీనప్పుడు జవాబివ్వకుండా ఆగడం. గోడకు ఆనుకుని బియ్యం బస్తాలున్నాయి. బయట జనం ఉన్నారు. డీలరు గడప మీద కూర్చుని ఉన్నాడు.

"యేలిముద్ర పడకుండా ఇవ్వకూడదు సారూ. మరి ఈ మనుసులు ఏటి తింతారు?" అన్నాడు.

కాసేపు ఆలోచించి లేచి, లోపలి నుంచి పిల్లల నోటుపుస్తకం ఒకటి తెచ్చాడు. కార్డు నంబరు, పేరు, ఎన్ని కిలోలు, సంతకమో నిశానీయో. ప్రతి పేరుకీ ఊళ్లోవాళ్లు ఇద్దరు సాక్షి. జనం పెరగడంతో ఊరి రెండో కొసన కుర్రవాళ్లు ఇంకో పుస్తకం తెరిచారు. రెండు పుస్తకాల మధ్య కబురు లేదు.

నాలుగు రోజుల తరవాత రామాలయంలో కూర్చుని రెండు పుస్తకాలూ కలిపారు. నేనూ ఉన్నాను. ఒకడు చదువుతుంటే ఇంకొకడు టిక్కు పెట్టాడు. నాలుగు ఇళ్ల పేర్లు రెండు పుస్తకాల్లోనూ ఉన్నాయి. వాటిలో రెండు ఇళ్లవాళ్లు అక్కడే చెప్పారు, ఒకసారి తండ్రి, ఒకసారి కొడుకు తెలీక తీసుకున్నామని. వచ్చే నెలలో తగ్గించుకోమన్నారు. ఎవరూ అరుచుకోలేదు. ఆ నాలుగు తప్పులూ జరగకూడదని ఊరంతటినీ నాలుగు రోజులు పస్తులుంచి ఉంటే, అది న్యాయమయ్యేదా?

పుస్తకాలు కలపడం వెనక కూడా శాస్త్రం ఉంది. ఏ వరసలో కలిపినా, ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చినా, చివరికి అందరి దగ్గరా ఒకే లెక్క తేలేలా సమాచారాన్ని అమర్చవచ్చని 2011లో మార్క్ షపీరో, ఆయన సహచరులు నిరూపించారు. రామాలయంలో ఆ రోజు జరిగింది అదే. చదువుకోని పెద్దలు తమకు తోచిన తీరులో చేశారు.

తిరిగొచ్చి నా పరిశోధన దారి మార్చుకున్నాను. విద్యార్థులతో కలిసి ఓ చిన్న వ్యవస్థ కట్టాం. అరచేతిలో పట్టే కంప్యూటరు, బైకు బ్యాటరీ. ఊరి సమాచారం ఊళ్లోనే ఉంటుంది. తీగ ఉన్నప్పుడు క్లౌడ్‌తో మాట కలుపుతుంది, లేనప్పుడు తన పని తాను చేసుకుంటూ లెక్క రాసుకుంటుంది. మొదటి ప్రయత్నం విఫలమైంది. బ్యాటరీ కూడా అయిపోయి మళ్లీ కరెంటు వచ్చాక రాసిన పద్దుల మీద 1970 జనవరి 1, ఉదయం 5 గంటల 30 నిమిషాల నుంచి టైము పడింది. ఆ చిన్న కంప్యూటరులో గడియారానికి వేరే బ్యాటరీ లేదు. ఆగినప్పుడల్లా మొదటికి పోతుంది. చాలా కంప్యూటర్లు కాలాన్ని ఆ రోజు నుంచే లెక్కపెడతాయి, మన దేశపు టైములో అది ఐదున్నర. కొత్త పద్దులు పాతవాటి కిందికి దిగిపోయాయి. పిల్లలు తలలు పట్టుకున్నారు. నాకు సాయంత్రం నాలుగు గంటల సిగ్నలూ, నాన్న రాసిన సెకన్ల తేడా గుర్తొచ్చాయి. గడియారాన్ని నమ్మడం మానేసి లాంపోర్ట్ లెక్క పెట్టాం. వరస కుదిరింది.

నాన్న అప్పటికి రిటైరై విజయనగరంలో మాతోనే ఉంటున్నారు. రేషన్ షాపు సంగతి ఆయనకు చెప్పి అడిగాను, "మీరైతే ఆపేవారు కదా నాన్నా?" అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"రైలు వేరురా. రైలు పంపితే చస్తారు, బియ్యం ఆపితే చస్తారు. ఏది పంపాలో ఏది ఆపాలో రూలు రాసేవాడికి తెలియాలి. తీగ తెగిన రాత్రి స్టేషన్ మాస్టరు ఒక్కడే కూర్చుని ఆలోచించేలా వదిలెయ్యకూడదు."

ముప్పై ఏళ్ల చదువులో నాకు ఇంతకన్నా స్పష్టమైన సూత్రం దొరకలేదు.

2025 అక్టోబర్‌లో విశాఖపట్నంలో గూగుల్ పెద్ద డేటా సెంటరు కడుతుందని ప్రకటన వచ్చింది. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. మా విద్యార్థులు సంబరపడ్డారు, నేనూ సంతోషించాను. క్లౌడ్ మన ఇంటి పక్కకే వస్తోంది. కానీ విశాఖలో ఎంత పెద్ద యంత్రశాల ఉన్నా, దానికీ మందస పక్క పల్లెకీ మధ్య ఉండేది తీగలూ, టవర్లూ, వాటికి కరెంటూ. తుఫాను ముందు తెంపేది వాటినే. ఈ తీరానికి 2013లో ఫైలిన్ వచ్చింది, 2014లో హుద్‌హుద్ వచ్చింది, 2018లో తిత్లీ వచ్చింది. మళ్లీ వస్తుంది.

ఉత్తరాంధ్ర నుంచి ఇంజనీర్లై దేశదేశాల్లో ఈ వ్యవస్థలు కడుతున్న పిల్లలకు నాదొక్కటే మనవి. మీరు కట్టినదాన్ని పల్లెకు పంపే ముందు తీగ పీకి ఒక రోజంతా నడపండి. మీ ప్రోగ్రాములో ఏది రైలో ఏది బియ్యమో ముందే తేల్చి రాయండి. రైలును ఆపండి. బియ్యాన్ని ఆపకండి.